పద్దెనిమిది నెలల రైలు

2023లో వందేభారత్ రైళ్లలో వాష్‌బేసిన్ లోతు పెరిగింది. చేతులు కడుక్కుంటుంటే నీళ్లు ఎగిరి బట్టల మీద పడుతున్నాయని ప్రయాణికులు చెప్పారు. చెన్నై పెరంబూరులోని ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ (ఐసీఎఫ్) తర్వాత తయారుచేసిన రేకుల్లో (ఒక రైలుగా కలిపిన పెట్టెల వరసల్లో) దాన్ని సరిచేసింది. అదే విడతలో సీటు ఇంకాస్త వెనక్కి వాలేలా చేశారు, కుషన్ మార్చారు, ఛార్జింగ్ పాయింటును చేతికి అందే చోటికి తెచ్చారు, మరుగుదొడ్డిలో వెలుతురు పెంచారు. అన్నీ కలిపి దాదాపు పాతిక మార్పులు. వార్తల్లో ఇవి ఒక మూలన వచ్చి పోయాయి. ప్రాజెక్టులు నడిపేవాళ్లు మాత్రం ఈ జాబితాను గోడకు అంటించుకోవాలి. ప్రభుత్వ కర్మాగారంలో తయారయ్యే ఒక భారీ యంత్రం, వాడేవాళ్ల ఫిర్యాదు విని కొన్ని నెలల్లో తన రూపం మార్చుకోవడం మన దేశంలో తరచుగా చూసే సంగతి కాదు.

సాఫ్ట్‌వేర్ రంగంలో దీన్నే అజైల్ అంటారు. చెన్నైలో ఆ మాట వినాలంటే ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీదికి వెళ్తే చాలు. 2000లో తరమణిలో టైడల్ పార్క్ తెరుచుకున్న నాటి నుంచి పెరుంగుడి, షోళింగనల్లూరు, సిరుసేరి దాకా వరసగా లేచిన కంపెనీల్లో ఎన్నో బృందాలకు ఉదయం స్టాండప్ మీటింగుతో రోజు మొదలవుతుంది. నెల్లూరు, తిరుపతి, ఒంగోలు, విజయవాడల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మన పిల్లలకు స్ప్రింట్, బ్యాక్‌లాగ్, రెట్రో అన్నవి ఇంట్లో మాటలంత అలవాటు. అయినా ఈ పద్ధతి అసలు స్వభావం నేర్చుకోవాలంటే వాళ్లకు నేను ఓఎంఆర్ కన్నా పెరంబూరునే చూపిస్తాను.

అజైల్ పుట్టింది సాఫ్ట్‌వేర్‌లోనని చాలామంది అనుకుంటారు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది ప్రోగ్రామర్లు కూర్చుని ఒక ప్రకటన రాశారు. అజైల్ అన్న పేరు అక్కడ స్థిరపడింది. దాని వేరు మాత్రం జపాన్ ఫ్యాక్టరీల్లో ఉంది. హిరోతాకా తాకెయూచి, ఇకుజిరో నొనాకా అనే ఇద్దరు ఆచార్యులు 1986లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం రాశారు. హోండా కారు, కానన్ కెమెరా, ఫ్యూజీ-జిరాక్స్ కాపీ యంత్రం వంటి వస్తువులను అంత తక్కువ కాలంలో ఎలా తయారుచేశారో అందులో పరిశీలించారు. ఒక శాఖ పని ముగించి ఫైలు పక్క శాఖకు అందించే పద్ధతిని ఆ బృందాలు వదిలేశాయి. డిజైన్, తయారీ, అమ్మకం మనుషులంతా మొదటి రోజు నుంచి కలిసి కదిలారు. దీన్ని రగ్బీ ఆటతో పోల్చి, ఆ ఆటలోని స్క్రమ్ అనే మాటను ఆ వ్యాసమే వాడింది. తర్వాత పదేళ్లలోపే కెన్ ష్వాబర్, జెఫ్ సదర్‌లాండ్ దాన్ని సాఫ్ట్‌వేర్‌కు తెచ్చారు. కనుక రైలు పెట్టెలు చేసే చోట అజైల్ గురించి మాట్లాడటమంటే దాన్ని పుట్టింటికి తీసుకెళ్లడమే.

పెరంబూరులో ఏం జరిగింది?

ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీని 1955 అక్టోబరు 2న నెహ్రూ ప్రారంభించారు. స్విట్జర్లాండ్ సాంకేతిక సాయంతో మొదలై, దశాబ్దాలపాటు మనం ఎక్కి దిగిన నీలం రంగు పెట్టెలను వేల సంఖ్యలో చేసింది. విడిగా ఇంజను అక్కర్లేని లోకల్ రైళ్ల రేకులూ అక్కడ చాలాకాలంగా తయారవుతున్నాయి. దూర ప్రయాణానికి, గంటకు 160 కిలోమీటర్ల వేగానికి పనికొచ్చే ఇంజను లేని రైలును మాత్రం అప్పటిదాకా మన దేశంలో ఎవరూ చేయలేదు. అలాంటిది కావాలంటే విదేశాల్లో కొనడం గురించే చర్చ సాగేది.

2016 ఆగస్టులో జనరల్ మేనేజరుగా వచ్చిన సుధాంశు మణి దాన్ని ఇక్కడే చేద్దామన్నారు. రైల్వే బోర్డును ఒప్పించి, మొదటగా రెండు రైళ్లకు అనుమతి తెచ్చుకున్నారు. అప్పుడు తీసుకున్న నిర్ణయాల్లో ప్రాజెక్టు ప్రణాళిక పాఠాలు దాదాపు అన్నీ ఉన్నాయి.

మొదటిది, పరిధి. అడిగింది రెండే రైళ్లు. వందల రైళ్ల పథకమని మొదలుపెడితే అంచనాలు, కమిటీలు, టెండర్ల దగ్గరే ఏళ్లు గడిచేవి. రెండు రైళ్లయితే తప్పు జరిగినా నష్టం భరించగలిగేది, పని జరిగితే మిగతా వందలకు దారి తెరుచుకుంటుంది. సుమారు 100 కోట్ల రూపాయల్లో మొదటి రేకు తయారైంది.

రెండోది, గడువు. దాన్ని రైలు పేరులోనే పెట్టేశారు. 2018లో రావాలి కనుక ట్రైన్ 18; వందేభారత్ అన్న పేరు తర్వాత వచ్చింది. మన ఇళ్లలో పెళ్లికి ముహూర్తం పెట్టుకున్నాక ఇది బాగా తెలుస్తుంది. ముహూర్తం కదలదు, వంటకాల పట్టిక కదులుతుంది. ఏది తగ్గించినా ఫరవాలేదో, ఏది తగ్గితే పెళ్లే కాదో పెద్దవాళ్లకు తెలుసు. అజైల్‌లో స్ప్రింట్ అనే చిన్న పని విడత గడువును కదలనివ్వకుండా పనిని సర్దుకోమనడంలోని అర్థం ఇదే. చాలా బృందాలు దీన్ని తలకిందులుగా చేస్తాయి. పని మొత్తం తప్పదంటాయి, తేదీని మాత్రం ప్రతి నెలా జరుపుతాయి.

మూడోది నాకు అన్నిటికన్నా నచ్చినది. తమకు ఏది వచ్చు, ఏది రాదు అన్నది వాళ్లు నిజాయితీగా విడదీసి చూసుకున్నారు. స్టీలు పెట్టె చేయడం ఐసీఎఫ్‌కు వచ్చు, అది అక్కడి మనుషులే చేశారు. పెట్టె కింద చక్రాలను మోసే చట్రం అంత వేగానికి తట్టుకునేలా డిజైన్ చేయడం కష్టం. అందుకని బయటి నిపుణుల సలహా తీసుకుని దాన్ని ఇక్కడే తయారుచేశారు. మోటార్లను నడిపే విద్యుత్ వ్యవస్థ హైదరాబాదుకు చెందిన మేధా సర్వో డ్రైవ్స్ నుంచి వచ్చింది. పట్టాల మీద పరుగెత్తే ఈ రైలు గుండెకాయ తెలుగు నేల మీది కంపెనీ చేసిందన్న సంగతి మనవాళ్లలో ఎంతమందికి తెలుసో! సీట్ల వంటి కొన్నిటిని దిగుమతి చేసుకున్నారు. అన్నీ మనమే చేయాలన్న పంతానికి పోయి ఉంటే 2018 దాటిపోయేది. ప్రాజెక్టులో ప్రమాదం ఎక్కడుందో మొదటే గుర్తించి, దానికి ముందుగా మనుషులను, డబ్బును కేటాయించడమే ప్రణాళికలో సగం పని.

నాలుగోది నిర్మాణంలోనే ఉంది. రైలుకు 16 పెట్టెలు, 1,128 సీట్లు. 16 పెట్టెలను ఒకే ముద్దగా చూడకుండా నాలుగేసి పెట్టెల యూనిట్లుగా విడగొట్టారు. ప్రతి యూనిట్‌లో రెండు పెట్టెలకు మోటార్లుంటాయి. నాలుగు పెట్టెల యూనిట్ ఒకటి సరిగ్గా కుదిరితే మిగతా మూడూ దానికి ప్రతిరూపాలే. పెద్ద పనిని చిన్న ముక్కలు చేయమని అందరూ చెబుతారు. ముక్క అంటే ఏదో ఒక తునక అయితే సరిపోదు. దాన్ని విడిగా పరీక్షించడానికి వీలుండాలి, మళ్లీ మళ్లీ చేయడానికి వీలుండాలి. సాఫ్ట్‌వేర్ బృందాలు తెరలు ఒకరికి, డేటాబేస్ ఒకరికి, పరీక్షలు ఒకరికి అని అడ్డంగా కోస్తాయి. ఆరు వారాలైనా వాడి చూడటానికి ఏదీ చేతికి రాదు.

రైల్వేలో మెకానికల్, ఎలక్ట్రికల్ శాఖల మధ్య పోటీ పాతది. అయితే ఉత్పత్తి కర్మాగారంలో ఒక సౌకర్యం ఉంది. డిజైన్, తయారీ, కొనుగోలు, ఖాతాలు, అన్ని శాఖలూ ఒకే జనరల్ మేనేజరు కింద ఉంటాయి. నిర్ణయం కోసం ఫైలు ఢిల్లీ దాకా వెళ్లి రావాల్సిన అవసరం చాలా విషయాల్లో ఉండదు. పని చేసేవాళ్లకూ నిర్ణయం తీసుకునేవాళ్లకూ మధ్య దూరం ఎంత తక్కువైతే పని అంత వేగంగా సాగుతుందన్నది అజైల్ మూలసూత్రాల్లో ఒకటి. పెరంబూరులో ఆ దూరం ఒకే ప్రాంగణంలోది.

అనుమతి వచ్చిన దాదాపు 18 నెలలకు, 2018 అక్టోబరు 29న, ఆనాటి రైల్వే బోర్డు ఛైర్మన్ అశ్వనీ లోహానీ చేతుల మీదుగా రైలు బయటికొచ్చింది. మొరాదాబాద్-బరేలీ మార్గంలో పరీక్షలు జరిగాయి. డిసెంబరు మొదట్లో కోటా-సవాయ్ మాధోపూర్ మధ్య గంటకు 180 కిలోమీటర్లు అందుకుంది.

రైలు ఆగిన చోటు

ఇక్కడితో ముగిస్తే ఇది విజయగాథ. నేను రాయాలనుకున్నది దీని తర్వాతి భాగం కూడా.

పరీక్షలు నెగ్గిన రైలుకు విద్యుత్ భద్రత అనుమతి ఎవరివ్వాలి, ఎలా ఇవ్వాలి అన్న దాని మీద శాఖల మధ్య వివాదం రేగి కొన్ని వారాలు పోయాయి. చివరికి వందేభారత్ అన్న పేరుతో 2019 ఫిబ్రవరి 15న ఢిల్లీలో ప్రధాని జెండా ఊపారు. మర్నాడు తెల్లవారుజామున వారణాసి నుంచి తిరిగి వస్తుండగా టూండ్లా దగ్గర రైలు మొరాయించింది. పశువును ఢీకొట్టడం కారణం కావచ్చునని రైల్వే చెప్పింది. నవ్వినవాళ్లు చాలామంది ఉన్నారు. ఫిబ్రవరి 17న ప్రయాణికులతో మామూలుగా నడిచింది. మొదటి వారంలో లోపం బయటపడటం నాకు మంచి సంగతిగానే కనిపిస్తుంది. రెండు రైళ్లే ఉన్నప్పుడు తెలిసిన లోపం రెండు రైళ్లలోనే సరిచేయాలి. రెండు వందలున్నప్పుడు తెలిస్తే రెండు వందల్లో సరిచేయాలి.

అసలు దెబ్బ వేరే చోట తగిలింది. మణి 2018 చివర పదవీ విరమణ చేశారు. కొనుగోళ్ల మీద విజిలెన్స్ విచారణ మొదలైంది. తర్వాతి రేకుల టెండర్లు రద్దయ్యాయి, మళ్లీ పిలిచారు, మధ్యలో కోవిడ్ వచ్చింది. రెండో తరం వందేభారత్ గాంధీనగర్-ముంబయి మార్గంలో బయలుదేరింది 2022 సెప్టెంబరు 30న. అంటే మొదటి రైలు 18 నెలల్లో తయారైతే, దాని మెరుగైన రూపం రావడానికి మూడున్నరేళ్లు పట్టింది. 2020 నాటికి రావాలనుకున్న స్లీపర్ రైలు ట్రైన్ 20 ఆ ఏడాదికి రానే లేదు. విచారణలో తప్పేదీ రుజువు కాలేదు. పోయిన కాలాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ప్రభుత్వ సొమ్ముకు లెక్క అడగాల్సిందే. అందులో రెండో మాట లేదు. అయితే ఫైలు పక్కన పెట్టి పదేళ్లు గడిపినవాణ్ని ఏ విచారణా పిలవదు, త్వరగా పూర్తిచేసినవాణ్ని పిలుస్తుంది. ఈ తేడాను పని చేసే ప్రతి ఉద్యోగీ గమనిస్తాడు. కంపెనీల్లోనూ అంతే. లోపాన్ని మొదట బయటపెట్టినవాణ్ని మీటింగులో నిలదీస్తే, తర్వాతి వారం నుంచి స్టాండప్‌లో అందరి పనీ సవ్యంగా సాగుతున్నట్టే వినిపిస్తుంది. రోజూ పదిహేను నిమిషాలు నిలబడి మాట్లాడుకున్నంత మాత్రాన అజైల్ రాదు. నిజం చెప్పినవాడికి రక్షణ ఉన్న చోటే అది వస్తుంది.

2022 రేకు నిజంగా మెరుగైనది. బరువు 430 టన్నుల నుంచి 392 టన్నులకు తగ్గింది. వరద నీళ్లలో చిక్కుకుంటే, పెట్టె కింద ఉన్న విద్యుత్ పరికరాలు మొదటి రైలులో 400 మిల్లీమీటర్ల నీటిని తట్టుకునేవి, కొత్తదానిలో 650 మిల్లీమీటర్లు తట్టుకుంటాయి. 2015 డిసెంబరులో నగరమంతా నీట మునగడం చూసిన చెన్నైలో ఈ మార్పు విలువ ఎవరికీ వివరించక్కర్లేదు. రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ భద్రతా వ్యవస్థ వచ్చింది. 2022 అక్టోబరు 6న అహ్మదాబాద్ దగ్గర గేదెలు అడ్డొచ్చి రైలు ముక్కు భాగం విరిగితే, ఒక్క రోజులో కొత్తది బిగించి నడిపారు. విరుగుతుందని ముందే ఊహించి, తేలిగ్గా మార్చేలా డిజైన్ చేయడం వల్ల అది సాధ్యమైంది. ప్రణాళిక అంటే ఏ ఆటంకమూ రాదని నమ్మడం కాదు, వచ్చే ఆటంకాన్ని లెక్కలో వేసుకోవడం.

నడిపే పద్ధతిలోనూ ఇదే ఓపిక కనిపిస్తుంది. 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్-తిరుపతి వందేభారత్‌ను ఎనిమిది పెట్టెలతో మొదలుపెట్టారు. సీట్లు చాలడం లేదని తేలాక, మే నెలలోనే 16 పెట్టెలకు పెంచారు. గిరాకీ ఎంత ఉంటుందో కాగితం మీద వాదించుకుంటూ కూర్చోలేదు.

ఒక లోటు కూడా చెప్పాలి. రైలు 160కి సిద్ధంగా ఉన్నా, చాలా మార్గాల్లో 130 దాటి వెళ్లడానికి పట్టాలు, సిగ్నళ్లు, కంచెలు సిద్ధంగా లేవు. ఐసీఎఫ్ తన పని ముగించింది, ప్రయాణికుడి పని పూర్తిగా ముగియలేదు. ఒక బృందం విజయం మరో బృందం పని మీద ఆధారపడి ఉన్నప్పుడు ఇద్దరి ప్రణాళికా ఒకే కాగితం మీద ఉండాలి.

ఐదు వందల మీటర్లు

అదే చెన్నైలో, అదే రైల్వేలో, మరో ప్రాజెక్టు చూడండి. చెన్నై బీచ్ నుంచి వేళచ్చేరి దాకా ఎంఆర్‌టీఎస్ అనే ఎత్తైన రైలుమార్గం ఉంది. 1995లో చేపాక్ వరకు, 1997లో మైలాపూర్ వరకు, 2007లో వేళచ్చేరి వరకు వచ్చింది. అక్కడి నుంచి సెయింట్ థామస్ మౌంట్‌కు ఇంకో 5 కిలోమీటర్లు వేస్తే లోకల్ రైళ్లు, మెట్రో, ఎంఆర్‌టీఎస్ మూడూ ఒకే చోట కలుస్తాయన్నది ఆలోచన. 2008లో పని మొదలైంది. నాలుగున్నర కిలోమీటర్లు కట్టేశారు. ఆదంబాక్కం దగ్గర అర కిలోమీటరు భూమి చేతికి రాలేదు. పరిహారం మీద, మార్గం మీద స్థానికులు కోర్టుకెళ్లారు. ఆ మిగిలిన ముక్కలో పని మళ్లీ మొదలైంది 2022లో.

వేళచ్చేరిలో ఉంటూ తాంబరం వైపు ఉద్యోగానికి వెళ్లేవాడికి ఆ వంతెన స్తంభాలు ఏళ్ల తరబడి కళ్ల ముందే ఉన్నాయి. నివేదికలో పని 90 శాతం పూర్తయింది. అన్నేళ్లూ ఆ 90 శాతం మీద ఒక్క ప్రయాణికుడు కూడా ప్రయాణించలేదు. 2009లో మొదలైన చెన్నై మెట్రో తొలి దశను చూడండి. 2015 జూన్‌లో కోయంబేడు-ఆలందూరు ముక్కతో తెరుచుకుని, ముక్క తర్వాత ముక్కగా ప్రయాణికులను ఎక్కించుకుంటూ, 2019 ఫిబ్రవరి 10న 45 కిలోమీటర్లూ పూర్తిచేసుకుంది.

ప్రణాళిక శాస్త్రంలో క్రిటికల్ పాత్ అన్న భావన ఉంది. 1957 ప్రాంతంలో అమెరికాలోని డ్యూపాంట్ రసాయన కర్మాగారాల కోసం దాన్ని రూపొందించారు. మరుసటి ఏడాది పొలారిస్ క్షిపణుల కోసం అమెరికా నౌకాదళం పెర్ట్ అనే పద్ధతి తెచ్చింది. రెండింటి సారం ఒకటే. వందల పనుల్లో కొన్ని మాత్రమే ఒకదాని వెనక ఒకటి గొలుసుగా ఉంటాయి. ఆ గొలుసులో ఒక రోజు ఆలస్యమైతే మొత్తం ప్రాజెక్టు ఒక రోజు ఆలస్యం. గొలుసు బయటి పని ఎంత వేగంగా చేసినా ఒరిగేదేమీ లేదు. ఎంఆర్‌టీఎస్‌కు ఆ గొలుసు కాంక్రీటు స్తంభాల్లో లేదు, ఆదంబాక్కం భూమి కాగితాల్లో ఉంది. సులువైన పని ముందు చేసి, చిక్కైనది చివరికి మిగల్చడం మన ప్రాజెక్టులన్నిటికీ పట్టిన జబ్బు. ట్రైన్ 18 కష్టమైన చట్రాన్ని ముందు పట్టుకుంది. తేడా అంతా అక్కడే.

తెలుగుగంగ కూడా ఈ కోవలోనిదే. మద్రాసు దాహం తీర్చడానికి కృష్ణా నీళ్లు ఇస్తామని 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలకు ఒప్పుకున్నాయి. 1983 ఏప్రిల్‌లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. ఏటా 12 టీఎంసీలు సరిహద్దుకు చేరాలి. 1996లో నీళ్లు పూండి జలాశయానికి చేరాయి, పండగ చేసుకున్నారు. కానీ కండలేరు-పూండి కాలువ గట్లు జారిపోయేవి, నీళ్లు దారిలోనే ఇంకిపోయేవి. 2002లో పుట్టపర్తి సత్యసాయిబాబా ప్రకటించి, ఆయన ట్రస్టు కాలువను బాగుచేయించాకే ప్రవాహం కుదుటపడింది. కాలువ తవ్వడంతో పని అయిపోయిందా, కొళాయిలో నీళ్లు రావడంతో అయిపోయిందా? పని పూర్తయిందంటే ఏమిటో మొదటి రోజే రాసుకోవాలని అజైల్ బృందాలు పట్టుబట్టేది ఇందుకే.

అజైల్ అంటే ప్రణాళిక అక్కర్లేదన్న అపోహ ఓఎంఆర్ మీదా ఉంది, ప్రభుత్వ కార్యాలయాల్లోనూ ఉంది. 2001 ప్రకటన కూడా ప్రణాళికను కొట్టిపారేయలేదు. దానికి విలువ ఉందంటూనే, మార్పుకు స్పందించడానికి ఇంకా ఎక్కువ విలువ ఇచ్చింది. ట్రైన్ 18 బృందం తేదీని, పరిధిని, బాధ్యతను రాయిలా పెట్టుకుంది. వాష్‌బేసిన్ లోతు వంటివి మాత్రం తర్వాత ప్రయాణికుల మాట మీద మారాయి. ఏది రాయి, ఏది మట్టి అని విడదీసుకోగలగడమే ప్రాజెక్టు మేనేజర్ విద్య. అది కోర్సుల్లో కొంత, పనిలో ఎక్కువ వస్తుంది.

ఇప్పుడు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో మెట్రోలు, రాజధాని భవనాలు, ఎత్తిపోతలు, ప్రాంతీయ రింగు రోడ్లు వరసలో ఉన్నాయి. ప్రతి దానికీ శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం మీద తేదీ, పెద్దల పేర్లు ఉంటాయి. మీ ఊళ్లో అలాంటి ఫలకం ఆవిష్కరించే రోజున, భూమి ఎంత శాతం చేతికొచ్చిందో, ఏ అనుమతులు ఇంకా రావాలో, మొదటి ముక్క ప్రజలకు ఎప్పుడు అందుతుందో కూడా దాని మీద చెక్కించమని అడగండి.